మీకు తెలుసా?

నల్గొండ మేత్రాసనంలోని కతోలిక గుడుల్లో దివ్యబలిపూజకు వాడే ద్రాక్షారసం నిజంగా పులిసిన మద్యమే!

• 1983 నాటి కతోలిక చర్చి చట్టంలోని 924వ నిబంధన ప్రకారం అది అచ్చంగా ద్రాక్షపండ్లదై, చెడిపోనిదై ఉండాలి. గురువు అందులో కొద్దిగా నీళ్లు కలుపుతారు.

• బాప్టిస్టు, మెథడిస్టు సంఘాలు చాలావరకు ప్రభు రాత్రి భోజనానికి పులియని రసమే వాడతాయి. దాన్ని పులియకుండా నిల్వచేసే పద్ధతిని 1869లో కనిపెట్టింది అమెరికాలోని దంతవైద్యుడు థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్.

• కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం తాగమని 1 తిమోతి 5:23 చెబుతుంది. మత్తులో మునగవద్దని ఎఫెసీ 5:18 హెచ్చరిస్తుంది. తాగుబోతుతనం తప్పని చెప్పడంలో మాత్రం ఈ సంఘాలన్నిటిదీ ఒకే మాట.