పరుపులు: రకాలు, సంరక్షణ

పరుపును ఎండలో వేయాలని పెద్దలు చెబుతారు. ఈ సలహా అన్ని పరుపులకూ వర్తిస్తుందా? పరిశీలిద్దాం.

దూది పరుపు చెమటను పీల్చుకొని గడ్డకడుతుంది. దీన్ని తరచుగా ఎండలో వేయాలి. కొన్నేళ్లకోసారి దూదిని ఏకించి తిరిగి కుట్టించాలి. బూరుగుదూది పీచు పెళుసు. ఎండబెట్టవచ్చు గాని కర్రతో బాదరాదు.

కొబ్బరిపీచు పరుపులో పీచును రబ్బరు పాలతో అతికిస్తారు. రబ్బరు, ఫోమ్ ఎండకు పెళుసుబారి పొడిగా రాలతాయి. అందువల్ల వీటిని నీడలో, గాలి తగిలేలా ఆరబెట్టాలి. స్ప్రింగు పరుపును మడిస్తే లోపలి తీగలు వంగిపోతాయి.

తేమ నిలిచిన పరుపులో కంటికి కనిపించని ధూళిపురుగులు పెరుగుతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇవి హానికరం. దుప్పట్లను వారానికోసారి వేడినీటిలో ఉతకండి.

అభ్యాసం: మీ ఇంటి పరుపును ఎండలో వేయవచ్చా? కారణంతో రాయండి.