ముందరి గదిలోని ఆసనములు

బడంగ్‌పేటలో మేము ఇల్లు కట్టుకొని గృహప్రవేశము చేసిననాడు మా ముందరి గదిలో కూర్చుండుటకు టెంటుహౌసువారు అద్దెకిచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు తప్ప మఱేమియు లేవు. మా అత్తగారు అట్టి కుర్చీ నొకదానిని గుమ్మమునకు ఎదురుగా వేయించుకొని, వచ్చినవారిని పలుకరించుచు, పోవువారికి తాంబూలము లిప్పించుచు సాయంకాలము వఱకు అచ్చటనే యుండిరి. పదునైదు దినములకు నగరమునుండి సోఫా వచ్చినది. బూడిదవన్నె మఖ్మలు గుడ్డ, ఎల్ అక్షరమువంటి ఆకారము, చేయి పెట్టినచో మోచేతివఱకు దిగబడునంత మెత్తని దిండ్లు. చూచినవారందఱును మెచ్చుకొనిరి. ఆనాటినుండి మా అత్తగారు ముందరి గదికి వచ్చుట క్రమముగా మానివేసిరి.

మొదట మే మెవరమును గమనింపలేదు. టీవీ రొద గిట్టక లోపలి గదిలో నున్నారనుకొంటిమి. పొరుగింటి పెద్దమ్మ వచ్చినను ఆమెను లోపలికే పిలిపించుకొని, మంచముమీద కూర్చుండబెట్టుకొని మాటలాడుచుండిరి. రెండు నెలల తరువాత ఒకనాడు నేనే కారణ మడిగితిని.

“అండ్ల కూసుంటె లేసుడెట్ల బిడ్డా? బాయిల వడ్డట్టే ఉంటది” అనిరి.

లేచిన ప్రతిసారియు ఎవరినో ఒకరిని చేయి పట్టుమని పిలువవలసి వచ్చుట ఆమెకు చిన్నతనముగా నుండినది. ఆ మాట చెప్పుకొనలేక ఆ గదినే విడిచిపెట్టిరి.

ఆ సాయంకాలము దర్జీ టేపు తీసికొని సోఫాను కొలిచితిని. కొనకముందు చేయవలసిన పని అది. ఆసనము పైకి 16 అంగుళముల ఎత్తు. మనిషి కూర్చున్నంతనే దిండు క్రుంగి 12 అంగుళములకు దిగును. ముందంచునుండి వెనుక ఆనుడు వఱకు 24 అంగుళములు. మా అత్తగారి మోకాలి వెనుక మడతనుండి మడమ వఱకు కొలువగా 16 అంగుళములు. నడుము వెనుకనుండి మోకాలి మడత వఱకు 18 అంగుళములు. ఆ సోఫా ఆమె శరీరమునకు ఏ విధముగను సరిపోవునది కాదు.

మనము కుర్చీనుండి లేచునప్పుడు ఏమి చేయుదుమో సోదరీమణులు ఒకసారి గమనింతురు గాక. మొదట ముందంచునకు జరుగుదుము. పాదములను వెనుకకు, మోకాళ్ల క్రిందికి తీసికొందుము. దేహమును ముందునకు వంచి, చేతులతో అదుముకొని లేతుము. ఆసనము మోకాలికంటె పల్లముగా నున్నచో శరీరభారమును అంత లోతునుండి తొడలే ఎత్తవలెను. ఆసనము క్రింద నేలవఱకు పలక మూసియున్నచో మడమలు వెనుకకు పోజాలవు. చేతిపట్టె మెత్తగానో దూరముగానో యున్నచో ఊతము దొరకదు. మా సోఫాలో ఈ మూడు లోపములును గలవు. టెంటుహౌసువారి కుర్చీలో ఒక్కటియు లేదు!

లోతు సంగతి పెద్దవారికి మాత్రమే సంబంధించినది కాదు. పొట్టిగా నున్న స్త్రీలు 24 అంగుళముల లోతు గల సోఫాలో వెనుకకు జరిగి ఆనుకొనినచో పాదములు నేలకు అందవు, ముందంచు మోకాళ్ల క్రింద నొత్తుకొనును. ముందుకు జరిగి కూర్చున్నచో వీపునకు ఆధారముండదు. గర్భిణులకు ఇది మఱింత బాధ. అంత లోతు పొడవైనవారికిని, కాళ్లు పైకి పెట్టుకొని పడుకొన్నట్లు కూర్చుండు పిల్లలకును అనుకూలించును గాని, వచ్చినవారు మర్యాదగా కూర్చుండుటకు పనికిరాదు. పలు వయస్సులవారున్న ఇంట, మనిషి కూర్చుండిన తరువాత మిగులు ఎత్తు 17 మొదలు 18 అంగుళములును, లోతు 20 అంగుళములును ఉన్నచో చాలవఱకు అందఱికిని పనికివచ్చును. పొట్టివారు వీపు వెనుక చిన్న దిండు పెట్టుకొందురు. మోకాళ్ల నొప్పి గలవారికి ఎత్తు మఱియొక అంగుళము పెరిగినను మంచిదే.

ఈ కథ మా యింటిది మాత్రమే కాదనుకొందును. బడంగ్‌పేట, మీర్‌పేట, నాదర్‌గుల్, బాలాపూరు ప్రాంతములలో పొలములును బండనేలలును ఉన్నచోట ఒక తరములోనే కాలనీలు వెలసినవి. నూటయేబది గజములలో ఇల్లు కట్టుకొన్నవారును, అపార్టుమెంటులో రెండు పడకగదుల యిల్లు కొన్నవారును గృహప్రవేశము కాగానే కొను మొదటి పెద్ద వస్తువు సోఫాయే. మగవారు ధర మాట్లాడుదురు, పిల్లలు రంగు నిర్ణయింతురు, మనము గుడ్డను తడవి చూతుము. అందులో దినమంతయు కూర్చుండబోవువారిని అంగడికి ఎవరును తీసికొనిపోరు.

మన పూర్వపు ఇండ్లలో ఈ చిక్కు లేకుండెను. భోజనమునకు పీట, పనికి చాప, మాటలకు అరుగు, పగలు కూర్చుండుటకును రాత్రి పరుండుటకును నులకమంచము, లేదా చిన్న గడంచె. ఎవరికి ఎంత ఎత్తు కావలెనో అంత ఎత్తున కూర్చుండిరి. సోఫా సైతము పుట్టుకచేత అరుగునకు చుట్టమే. ‘సుఫ్ఫా’ యను అరబ్బీ మాటకు తివాసి పఱచిన ఎత్తైన తిన్నె యని అర్థము. ఆ మాట ఐరోపాకు పోయి దిండ్లు కట్టించుకొని మనకడకు వచ్చినది. దివాను కథ మఱియు వింతైనది. పారసీలో అది మొదట లెక్కల పుస్తకము, పిమ్మట లెక్కలు చూచు కొలువు, ఆ పిమ్మట కొలువుకూటములో గోడ వెంబడి వేసిన పరుపు. మంత్రికిని ఆ పేరే వచ్చినది. హైదరాబాదులో సాలార్జంగు దివానులు నివసించిన దివాన్ దేవిడీలోనే 1951లో వారి వస్తుసంగ్రహము మ్యూజియముగా తెఱువబడినది. 1968లో మూసీ యొడ్డున నున్న ఇప్పటి భవనమునకు మారినది. అందు దంతపు కుర్చీలు గలవు. ఫ్రాన్సు రాజు పదునాఱవ లూయీ వానిని టిప్పు సుల్తానునకు పంపెనని చెప్పుదురు. చూచుటకు వానిని మించినవి లేవు. ఒక దినము పిల్లలను తీసికొనిపోయి చూచిరండు.

ఇక అంగడిలో కనబడు రకముల మాట. ఎల్ ఆకారపు సోఫా గది మూలను వ్యర్థము కానీయదు, ఇంటిల్లిపాదియు టీవీ చూచుటకు బాగుగ నుండును. కాని ఆ మూల కూర్చున్నవారి మోకాళ్లు ప్రక్కవారి మోకాళ్లకు తగులుచుండును గావున ఆ స్థలము ఎవరికిని చెందదు; ఆఱుగురు కూర్చుండవచ్చునని చెప్పినచో అయిదుగురే యని యెంచుడు. ఇంట వ్రతమో, బతుకమ్మ పేర్చుటయో వచ్చినప్పుడు దానిని ప్రక్కకు జరుపుట గగనము. చిన్న ముందరి గదికి, ఒకటి పొడవైనదియు రెండు విడి కుర్చీలును గల పాతకాలపు పద్ధతియే నా మనస్సునకు నచ్చినది. ఒక కుర్చీని ఎత్తుగా, గట్టిగా, చేతిపట్టెలతో చేయించుకొనవచ్చును. ఎండ వచ్చినచో జరుపుకొనవచ్చును.

చెక్క సోఫాను పాతకాలపుదని మనపిల్లలు ఈసడింతురు. అయినను ఇల్లు ఊడ్చు చేతులకు దాని విలువ తెలియును. క్రింద ఆఱంగుళముల ఖాళీ యుండుటచేత చీపురు పోవును, బొద్దింకలు గూడుకట్టవు. దిండ్లు విడిగా నుండుటచేత గలీబులు ఉతుకుకొనవచ్చును. అయిదాఱేండ్లకు దిండు క్రుంగినచో దిండునే మార్చవచ్చును గాని సోఫాను పాఱవేయ నక్కఱలేదు. టేకు అయినచో తరము గడచినను చెడదు. కొత్త టేకు ధర భరింపలేనివారు పాత సామాను అమ్ముచోట్ల వెదకినచో మంచి కుర్చీలు దొరకును. కీళ్లు కదలుచున్నవేమో, చెదలు తొలిచిన జాడ యున్నదేమో బోర్లించి చూడవలెను. పేముతో అల్లిన ఆసనము మన యెండలకు అన్నిటికంటె చల్లనిది. గాలి వీపును తాకును. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటునప్పుడు రెగ్జిను సోఫామీద కూర్చుండి లేచినవారికి నేను వేఱుగ చెప్ప నక్కఱలేదు. తోలువలె కనబడు కృత్రిమపు గుడ్డ కొన్నేండ్లకే పొరలు పొరలుగా రాలుటయు పెక్కిండ్లలో చూచుచున్నాము. మఖ్మలు దుమ్మును పట్టుకొనును.

దివాను అతిథులు తఱచుగా వచ్చు ఇంటికి మంచిది. రాత్రి పడక యగును, క్రింది పెట్టెలో పరుపులు దాచవచ్చును. కాళ్లు ముడిచి కూర్చుండు అలవాటు గల పెద్దవారికి అది ఇష్టము. అయితే వీపునకు బాలీసులు కావలెను, అవి జాఱుచునే యుండును. సోఫాగను పడకగను మారు రకమును కొనువారు అంగడిలో తామే స్వయముగా మూడుసార్లు విప్పి మూసి చూడవలెను. అమ్మువాని బలము మన యింటికి రాదు. వెనుకకు వాలి కాళ్లు పైకెత్తు రిక్లైనరు నడుమునొప్పి వారికి సుఖమే, కాని వాలుటకు గోడకును దానికిని నడుమ ఎడము వలయును, మీటను లాగుటకు బలము వలయును. ఉయ్యాలబల్లకు కప్పులో కొక్కెము ఎక్కడపడిన అక్కడ తొలిపింపక, ఇల్లు కట్టిన ఇంజనీరు నడిగి వేయించుడు.

నేలమీద కూర్చుండుటను కూడ పూర్తిగ విడువ నక్కఱలేదు. గది నడుమ బల్లను తీసివేసి ఒక జంపఖానా పఱచినచో పదిమంది పిల్లలకు చోటు దొరకును. మన వరంగల్లు తివాసీలు 1851లో లండను మహాప్రదర్శనమునకు పోయినవి. అచ్చటి నూలు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. మడిచి పెట్టవచ్చును, ఉతుకవచ్చును, ఎండవేయవచ్చును. ఏ సోఫాకు ఇన్ని గుణములున్నవి?

సోఫా లోపలిది మనకు కనబడదు, అందుచేత అడుగవలెను. కూర్చుండు దిండులోని ఫోము ఘనపుమీటరునకు 40 కిలోల సాంద్రత గలదైనచో త్వరగా క్రుంగదు. 32 కిలోలది చౌక, వీపు భాగమునకు చాలును. సాంద్రత వేఱు, గట్టిదనము వేఱని మఱవరాదు; పది నిమిషములు కూర్చుండి చూచిననే గట్టిదనము తెలియును. చట్రము ఏ కఱ్ఱతో చేసినదో, పలక ఏ రకపు ప్లైవుడ్డో బిల్లుమీద వ్రాయించుకొనుడు. సోఫా ముందరి కాళ్లలో ఒకదానిని ఆఱంగుళములు పైకెత్తి చూడుడు. ఆవలి ముందరి కాలు కూడ వెంటనే లేచినచో చట్రము గట్టిది. అది నేలనే అంటిపెట్టుకొని యున్నచో సోఫా మెలితిరుగుచున్నదన్నమాట.

కొనుటకు ముందురాత్రి వార్తాపత్రికల నతికి, సోఫా ఎంత పొడవు వెడల్పులో అంతమేర నేలమీద పఱచుడు. ఒక దినము దానిచుట్టు నడువుడు. తలుపు తెఱచుకొనుచున్నదా, నీళ్లబిందెతో పోవుటకు రెండున్నర అడుగుల దారి మిగిలినదా, టీ గ్లాసు పెట్టు బల్లకును కాళ్లకును నడుమ అడుగున్నర యున్నదా, అన్నియు అప్పుడే తెలియును. వీధి తలుపు వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు లోపలి కొలత కూడ వ్రాసికొని పోవలెను. మా కాలనీలో ఒకరి సోఫాను త్రాళ్లు కట్టి బాల్కనీమీదుగా ఎక్కించిరి. వీధియంతయు వచ్చి చూచినది.

మా సోఫాను అమ్మినవారు తిరిగి తీసికొన మనిరి. వడ్రంగిని పిలిపించి ఎల్ ఆకారపు పొట్టి భాగమును విడదీయించి మేడమీద పిల్లల గదికి పంపితిమి. మిగిలినదాని క్రింద మూడంగుళముల కఱ్ఱదిమ్మెలు బిగింపించి, కూర్చుండు దిండ్లలో గట్టి ఫోము వేయించితిమి. పిమ్మట అత్తగారిని వెంటబెట్టుకొని పాత సామాను చూడబోయితిమి. నాలుగు కుర్చీలలో కూర్చుండి, నాలుగింటినుండియు తామే లేచి, ఐదవదానిని చేతితో తట్టి “ఇది బాగున్నది” అనిరి. టేకు చట్రము, పేము అల్లిక, 18 అంగుళముల ఎత్తు, ముందంచు వఱకు వచ్చిన చేతిపట్టెలు. అల్లిక ఒకమూల తెగియుండుటచేత దానిని కొత్తగా అల్లించితిమి.

ఇప్పుడది కిటికీ ప్రక్కన, గుమ్మమునకు ఎదురుగా నున్నది. నాలుగు గంటలకు టీ త్రాగి అందులో కూర్చుందురు. పొరుగింటి పెద్దమ్మకు ప్రక్కన ఒక మోడా వేసితిమి. ఆమె మోకాళ్లు ఇంకను బాగుగనే యున్నవి.