డీజిలు పికప్ బండికి వేరు కంపెనీ ఎయిర్ ఫిల్టరు: బిగించుటకు ముందును పిమ్మటను గమనింపవలసిన సంగతులు

మదనపల్లె మార్కెట్టునకు టమాటా పెట్టెలు చేరవలెనన్నను, గుంటూరు యార్డునకు మిర్చి టిక్కీలు చేరవలెనన్నను నేడు రైతునకు డీజిలు పికప్ బండియే యాధారము. పెక్కుమంది దీనిని అప్పు చేసి కొనుచున్నారు. అప్పు తీరకమునుపే ఇంజను చెడినచో బండి ఇంటిముందు నిలుచును, వాయిదా మాత్రము నిలువదు. ఇట్టి బండ్లకు బండితో వచ్చిన ఎయిర్ ఫిల్టరును తీసివేసి, “గాలి హెచ్చును, బలము హెచ్చును, మైలేజీ హెచ్చును” అను మాటను నమ్మి వేరు కంపెనీ ఫిల్టరును బిగించు వాడుక పట్టణములనుండి పల్లెలకును వచ్చినది. ఇందలి మంచిచెడ్డలను సభ్యుల యెదుట నుంచుచున్నాము.

ఇంజను పీల్చు గాలి

ఒక లీటరు డీజిలు పూర్తిగా కాలుటకు కనీసము 12 కిలోల గాలి, అనగా సుమారు 10,000 లీటర్ల గాలి కావలెను. వాడుకలో ఇంజను అంతకంటె చాల హెచ్చుగా పీల్చును. 2.5 లీటర్ల ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునపుడు, టర్బో సాయము లేకయే, నిమిషమునకు దాదాపు 2,500 లీటర్ల గాలిని లోనికి గొనును.

ఆ గాలితో బాటల దుమ్మును, కళ్లములలోని పొట్టును వచ్చును. దుమ్ములోని ఇసుక రేణువులు సిలిండరు గోడల పోత ఇనుముకంటె కఠినమైనవి. మన వెంట్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. 5 మొదలు 20 మైక్రాన్ల వరకు గల రేణువులు పిస్టను రింగులకును సిలిండరు గోడలకును నడుమ చేరి ఆకురాయివలె అరగదీయును. పిమ్మట ఇంజను చమురును త్రాగును, నీలిపొగను విడుచును, ఎత్తు ఎక్కలేకపోవును. ఈ కీడు ఒక్క దినమున కానరాదు. కానవచ్చునప్పటికి మరమ్మతు వ్యయము వేలు దాటును.

ఒక చిన్న లెక్క

నూటికి 99 వంతుల దుమ్మును ఆపు ఫిల్టరు మంచిదనియు, 98 వంతులను ఆపునది దానికి కొంచెమే తీసికట్టనియు తోచును. కాని ఆగినదానిని గాక లోనికి పోయినదానిని లెక్కింపవలెను. కిలో దుమ్మునకు మొదటిది 10 గ్రాములను, రెండవది 20 గ్రాములను లోనికి విడుచును. అనగా ఇంజనునకు చేరు దుమ్ము రెండింతలైనది. కావున కొనునపుడు “ఎంత గాలి పోవును?” అని మాత్రమే గాక, “ఐ.ఎస్.ఓ. 5011 పరీక్షలో ఎంత దుమ్ము ఆగినది?” అని అడుగవలెను. జవాబు చెప్పలేని సరకును కొనకుండుట మేలు.

బలము హెచ్చునా?

రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన ఇంజను మొదలు నేటి ఇంజను వరకు, డీజిలు ఇంజను బలము ముఖ్యముగా లోనికి చిమ్మబడు ఇంధనమును బట్టి యుండును. గాలి సామాన్యముగా అవసరమునకు మించియే లభించును. కావున శుభ్రమైన కాగితపు ఫిల్టరును తీసి మరియొకటి పెట్టినందువలన కలుగు లాభము స్వల్పము. దుమ్ముతో పూడుకొనిన ఫిల్టరును మార్చినపుడు బలము తిరిగి వచ్చుట నిజమే; కాని ఆ మేలు క్రొత్త కాగితపు ఫిల్టరుతోను కలుగును.

పెట్టెను తీసివేసి గొట్టపు కొనకు బిగించు శంకువువంటి ఫిల్టరు పల్లె బండ్లకు తగదు. అది బానెట్టు క్రింది వేడిగాలిని పీల్చును. గాలి 35 డిగ్రీలనుండి 50 డిగ్రీలకు వేడెక్కినచో దాని సాంద్రత నూటికి సుమారు 5 వంతులు తగ్గును. మరియు గాలి తీసికొను నోరు క్రిందికి దిగినయెడల, వాగు దాటునపుడు నీరు సిలిండరులో జొచ్చి కనెక్టింగు రాడ్లను వంచివేయవచ్చును.

బిగించు విధానము

పాత పెట్టెలోనే సరిగా ఇముడు ఫిల్టరును మాత్రమే ఎన్నుకొనవలెను. ఇంజనును ఆపి చల్లారనిచ్చి, పెట్టె పైని దుమ్మును తుడిచి, క్లిప్పులను విప్పవలెను. పాత ఫిల్టరును విదలింపక మెల్లగా పైకి తీయవలెను. ఇంజనువైపు గొట్టపు నోటిలో శుభ్రమైన గుడ్డను ఉంచి, పెట్టె లోపలిని తడిగుడ్డతో తుడిచి ఆరనీయవలెను. పిమ్మట ఆ గుడ్డను మరువక తీయవలెను. మరచినచో టర్బో చెడును.

క్రొత్త ఫిల్టరు అంచు రబ్బరు చుట్టును ఎడము లేక కూర్చుండవలెను. గాలి పోవు దిక్కును చూపు బాణపు గుర్తున్నచో దానిని పాటింపవలెను. క్లిప్పు పట్టనియెడల బలవంతముగా నొక్కక, ఫిల్టరును తీసి మరల సరిచేయవలెను. గొట్టముల పట్టీలను, రబ్బరు పగుళ్లను పరీక్షింపవలెను. సన్నని సందు ఒక్కటి యున్నను ఎంత వెలగల ఫిల్టరైనను వ్యర్థమే.

నూనె పట్టించిన నూలుగుడ్డ ఫిల్టరైనచో, దాని తయారీదారు చెప్పిన ద్రవముతోనే కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, ఆ ఫిల్టరుకై చేసిన నూనెనే పలుచగా పట్టింపవలెను. పాత ట్రాక్టర్ల నూనె తొట్టి ఫిల్టరు నెరిగినవారు ఇంజను చమురును దీనికి పోయరాదు. నూనె తక్కువైనచో దుమ్ము దూరును. హెచ్చినచో గాలిని కొలుచు సెన్సారుపై పడి దాని లెక్కను తప్పించును. 2020 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చిన బి.ఎస్.-6 ప్రమాణపు బండ్లలో పొగను అదుపులో నుంచు యంత్రాంగము సెన్సారులపై ఆధారపడియుండును గనుక ఇది చిన్న విషయము కాదు. వారంటీ షరతులను ముందుగానే చదువుకొనవలెను.

పిమ్మటి పరీక్ష

500 కిలోమీటర్లు నడచిన పిదప ఇంజనునాపి, ఫిల్టరునకు ఆవలనున్న గొట్టము లోపలిని తెల్లని గుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డకు దుమ్ము అంటినచో ఫిల్టరు పనికిరానిదో, అంచు సరిగా కూర్చుండలేదో తెలియును. అట్టి బండిని సరిచేయక నడుపరాదు.

కాగితపు ఫిల్టరును నేలకు కొట్టుటయు, నీట కడుగుటయు, పెట్రోలు బంకులోని గాలితో గట్టిగా ఊదుటయు మానవలెను. కాగితము కంటికానని చోట చినుగును. తయారీదారు చెప్పిన దూరమునకు, దుమ్ముబాటలలో అంతకు ముందే, మార్చుటయే క్షేమము. వేరు ఫిల్టరు కొనదలచిన సభ్యుడు ముందుగా ఈ తెల్లగుడ్డ పరీక్షను తన పాత ఫిల్టరుకే చేసి చూచునుగాక. గుడ్డ తెల్లగానే యున్నచో, ఆ డబ్బును వాయిదాకో, మరియొక కాగితపు ఫిల్టరుకో ఉంచుకొనుట మేలని మా అభిప్రాయము.