కోత పండుగ - క్యాన్సర్ రోగులకు చేయూత



అక్టోబరు, నవంబరు నెలల్లో అనేక సంఘాలు కోత పండుగ జరుపుకుంటాయి. విశ్వాసులు తెచ్చిన బియ్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, పిండివంటలు వేలం వేస్తారు. కోత సమయంలో పొలం అంచులు బీదలకు విడిచిపెట్టాలని లేవీయకాండము 23వ అధ్యాయం బోధిస్తుంది. ఆ ప్రకారమే వేలం సొమ్ములో కొంత క్యాన్సర్ రోగులకు కేటాయించవచ్చు.

ఆ డబ్బు దేనికి? రేడియేషన్ సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున కొన్ని వారాలు ఇస్తారు. చికిత్స ఉచితమైనా బస్సు ఛార్జీలు, భోజనం, బస, తోడు వచ్చినవారు పోగొట్టుకునే కూలి కుటుంబానికి భారమే. డబ్బు లేక చికిత్స మధ్యలో ఆపితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి సిగ్గుపడకండి, మీ అవసరం పాస్టరుగారితో చెప్పండి.

పిల్లలతో పండుగకు రండి. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. రోగి పక్కన కూర్చున్నా, కలిసి భోంచేసినా రాదు. అయితే కీమోథెరపీ ఇచ్చాక సాధారణంగా 7 నుండి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో రోగిని గుంపులోకి తీసుకురాకండి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పండుగకు రాలేకపోయిన రోగికి భోజనం వేడిగా ఇంటికి తీసుకువెళ్ళండి.