చలిదేశంలో కౌరవ పాండవుల పువ్వు

కౌరవ పాండవుల పువ్వు గుర్తుందా? చుట్టూ ఉన్న ఊదారంగు పోగులు నూరుగురు కౌరవులనీ, మధ్యలోని అయిదు కేసరాలు పాండవులనీ, పైనున్న మూడు త్రిమూర్తులనీ మన పెద్దవాళ్ళు చూపించేవారు. కొందరు దీన్నే కృష్ణకమలం అంటారు. ఇదే పువ్వులో స్పెయిన్ మతగురువులు క్రీస్తు ముళ్ళకిరీటాన్నీ, శిలువ మేకుల్నీ చూశారు. క్రీస్తు పడిన యాతన పేరు మీదే దీనికి ‘పాషన్ ఫ్లవర్’ అన్న పేరు వచ్చింది.

అమెరికాలో మనవాళ్ళు చాలామంది వేసవిలో నర్సరీ నుంచి ఈ తీగ తెచ్చి ఫెన్స్ పక్కన నాటుతారు. సెప్టెంబరు దాకా బాగా పూస్తుంది. మంచు పడగానే నల్లబడి ఎండిపోతుంది. ఏప్రిల్‌లో మిగతా మొక్కలన్నీ చిగురిస్తున్నా ఇది కదలదు. చచ్చిపోయిందనుకుని తవ్వి పారేస్తాం. నిజానికి కొన్నిసార్లు మనం పారేసేది బతికున్న వేరునే.

అందుకే ముందు రకం తెలుసుకోవాలి. కొనేటప్పుడు చీటీ మీద పూర్తి పేరు చూడండి.

పాసిఫ్లోరా ఇన్‌కార్నాటా: అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల సొంత మొక్క, టెనెసీ రాష్ట్రపు అడవిపువ్వు. దీన్ని మేపాప్ అని కూడా అంటారు. ఆకుకి మూడు చీలికలుంటాయి. పైతీగ చచ్చినా వేరు బతుకుతుంది. జోన్ 6 లో, అంటే సున్నా ఫారెన్‌హీట్ కన్నా కిందికి దిగే చలిలో కూడా, నేలలోనే ఉంచవచ్చు.

పాసిఫ్లోరా కెరూలియా: దక్షిణ అమెరికాది. ఆకుకి సాధారణంగా అయిదు చీలికలు. జోన్ 7 లో దక్షిణం వైపు గోడ చాటున నాటితే తట్టుకుంటుంది.

పాసిఫ్లోరా ఎడ్యులిస్: మనం జ్యూస్ తీసుకునే పండు దీనిదే. మంచుకి ఆగదు. చలి ప్రాంతాల్లో కుండీలోనే పెంచాలి.

నేలలో ఉన్నవాటికి చలికన్నా చలితో కలిసిన తడి ఎక్కువ ప్రమాదం. నీరు నిలవని చోట నాటండి. తీగ ఎండాక అడుగున్నర వదిలి కత్తిరించి, మొదట్లో నాలుగైదు అంగుళాల మందాన ఎండుటాకులో చెక్కపొట్టో కప్పండి. పక్కన ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. ఏప్రిల్ చివర కప్పు పలచన చేసి ఆగండి. నేల బాగా వేడెక్కితే గానీ ఇది మొలవదు. మే నెలాఖరు, ఒక్కోసారి జూన్ దాకా ఓపిక పట్టాలి. ఒక హెచ్చరిక: మేపాప్ వేళ్ళు దూరందాకా పాకి పిలకలు వేస్తాయి. పక్కింటి లాన్‌కి దూరంగా నాటండి.

కుండీ సంగతి వేరు. నేలలో వేరుకి చుట్టూ మట్టి దుప్పటిలా కాపు. కుండీలో అన్ని వైపులనుంచీ చలి తగులుతుంది. కాబట్టి గట్టి రకమైనా సరే కుండీని బయట వదిలేయకండి. రాత్రి వేడి 50 డిగ్రీలకి దిగేలోగా తీగ కత్తిరించి, ఆకుల అడుగున పురుగులు చూసి, ఎండ వచ్చే కిటికీ దగ్గర పెట్టండి. పైమట్టి ఆరితేనే నీళ్ళు పొయ్యండి. వసంతంలో మంచు భయం తీరాక వారం పది రోజులు నీడలో ఉంచి తర్వాత ఎండలోకి మార్చండి.

ఈసారి ఏప్రిల్‌లో ఆ ఎండు కాడను చూసి గునపం అందుకునే ముందు జూన్ దాకా ఆగండి.