ఊరి బడి మీద ఊరి తీర్పు

పిల్లవాణ్ణి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చేర్చడమా, మానడమా? తల్లిదండ్రులు ఈ ప్రశ్నకు చెప్పే జవాబు మీదనే ఆ బడి మనుగడ ఆధారపడి ఉన్నది. ఆ జవాబు ఎట్లా తయారవుతున్నది?

జూన్ నెలలో బడులు తెరిచే రోజులు వచ్చాయంటే తెలుగు పల్లెలలో ఒక విచిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులు కరపత్రాలు పట్టుకొని ఇంటింటికీ తిరుగుతుంటారు. దీనికి "బడిబాట" అని పేరు. ఒకప్పుడు తండ్రి పిల్లవాని చేయి పట్టుకొని వచ్చి, పలకా బలపమూ ఇచ్చి, పంతులుగారి ముందు నిలబెట్టి "మీ చేతుల్లో పెడుతున్నాం" అని దణ్ణం పెట్టేవాడు. ఇప్పుడు పంతులుగారే గుమ్మం ముందు నిలబడి "మీ అబ్బాయిని మా బడికి పంపండి" అని అడగవలసి వస్తున్నది. ఉచితంగా ఇచ్చే పుస్తకాలను గురించీ, దుస్తులను గురించీ, మధ్యాహ్న భోజనాన్ని గురించీ ఆయన చెప్పవలసినదంతా చెబుతాడు. అంతా విన్న తరువాత అరుగు మీద కూర్చున్న ఇంటి యజమాని నెమ్మదిగా ఒక ప్రశ్న వేస్తాడు: "అది సరే సారూ, మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?"

ఆ ప్రశ్నకు చాలామంది ఉపాధ్యాయుల వద్ద సూటి అయిన జవాబు ఉండదు.

పల్లెటూరి తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదనీ, పిల్లలను పనులకు పంపడమే వారికి ఇష్టమనీ పట్టణాలలో చాలాకాలం ఒక నమ్మకం ఉండేది. ఆర్థికవేత్త జ్యాఁ డ్రేజ్ మొదలైనవారు ఉత్తర భారత గ్రామాలలో పర్యటించి 1999లో వెలువరించిన "ప్రోబ్" నివేదిక ఈ నమ్మకాన్ని దాదాపుగా తుడిచిపెట్టింది. మగపిల్లలకు చదువు ముఖ్యమని నూటికి 98 మంది తల్లిదండ్రులు వారికి చెప్పారు. ఆడపిల్లలకు సైతం ముఖ్యమని చెప్పినవారు నూటికి 89 మంది. మరి ఆ తల్లిదండ్రులు పిల్లలను పంపిన బడులలో పరిశోధకులు చూసినదేమిటి? వారు వెళ్లిన సమయానికి సుమారు సగం బడులలో బోధన అన్నదే జరగడం లేదు. అంటే లోపం ఆశలో లేదు. ఆ ఆశను అప్పగించిన చోట ఉన్నది.

కంటికి కనిపించేవి

చదువు ఎంత వచ్చిందో తూచి చెప్పడానికి అక్షరం రాని తల్లి వద్ద తూనికరాయి లేదు. అందుచేత ఆమె కంటికి కనిపించేవాటినే చూస్తుంది. పంతులు రోజూ వస్తున్నాడా? వస్తే తొమ్మిది గంటలకు వస్తున్నాడా, పదకొండు గంటలకు వస్తున్నాడా? మరుగుదొడ్డికి తలుపు ఉన్నదా? సాయంత్రం పిల్ల ఇంటికి వచ్చి పుస్తకం తీస్తున్నదా, లేక సంచి మూలన పడేసి ఆటకు పోతున్నదా? ఉదయం ఎనిమిది గంటలకు ఊరి మధ్యకు వచ్చే పసుపుపచ్చని ప్రైవేటు బడి బస్సు, మెడలో టై, కాలికి బూటు, నెలనెలా ఇంటికి వచ్చే మార్కుల చీటీ ఆమె కంటికి కనిపిస్తాయి. నాలుగు ఇంగ్లీషు పద్యాలు అప్పజెప్పే పొరుగింటి పిల్లవాడు ఆమె చెవికి వినిపిస్తాడు. ఇవి చదువు కాకపోవచ్చును. కాని, చదువు మీద ఎవరో శ్రద్ధ పెడుతున్నారనడానికి ఇవి గుర్తులు. ఆ గుర్తులను చూసి ఆమె తీర్పు చెబుతుంది. ఇది అమాయకత్వమని నవ్వేవారు, తాము వైద్యుణ్ణి ఏ గుర్తులు చూసి ఎంచుకుంటున్నారో ఒక్కసారి ఆలోచించుకోవడం మంచిది.

పైగా ఆమె అనుమానం నిరాధారమైనదీ కాదు. 2003లో ఇరవై రాష్ట్రాలలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు పరిశోధకులు చెప్పకుండా వెళ్లి చూశారు. ఆ సమయానికి నలుగురు ఉపాధ్యాయులలో ఒకరు బడిలో లేరు. మహారాష్ట్రలో లేనివారు నూటికి 15 మంది కాగా, జార్ఖండ్‌లో 42 మంది. ఉన్నచోట ఉన్న ఉపాధ్యాయుని కష్టమూ తక్కువది కాదు. దేశంలో నేటికీ లక్షకు పైగా బడులు ఏకోపాధ్యాయ పాఠశాలలు. ఒకే మనిషి ఒకే గదిలో ఒకటవ తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తూ, ఐదవ తరగతి వారికి భిన్నాలు చెబుతూ, మధ్యలో బియ్యం లెక్కలు వ్రాసుకోవలసి ఉంటుంది. ఆయనకు జ్వరం వచ్చిన రోజున బడికీ జ్వరమే. చట్టం ప్రకారం అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఇద్దరు ఉన్నచోట సైతం తరగతులు ఐదు. "అయ్యవారు మంచివాడే, కాని ఒక్కడే" అని జనం అంటే అందులో ఎంత న్యాయం ఉన్నదో వేరే చెప్పనక్కర లేదు.

లాటరీ చెప్పిన సంగతి

అయితే తల్లిదండ్రులు కంటితో చూసి ఇచ్చిన తీర్పు, పిల్లవాని చదువు విషయంలో నిజమవుతున్నదా? ఈ ప్రశ్నకు దేశంలో లభించిన జవాబులలో ముఖ్యమైనది తెలుగు నేల నుంచే వచ్చింది. 2008లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాలలో 180 గ్రామాలను ఎంచుకొని ఒక ప్రయోగం ప్రారంభించారు. పిల్లలను ప్రైవేటు బడికి పంపుకొనేందుకు ఫీజు తామే చెల్లిస్తామని కుటుంబాలకు చెప్పి, దరఖాస్తు పెట్టుకొన్నవారి నుంచి లాటరీ ద్వారా కొందరిని ఎంపిక చేశారు. లాటరీ తగిలినవారు ప్రైవేటు బడికి వెళ్లారు. తగలనివారిలో అధికభాగం ఊరి బడిలోనే మిగిలారు. రెండు వర్గాల తల్లిదండ్రులకూ పిల్లల చదువు మీద ఒకే విధమైన ఆశ ఉన్నది గనుక, తేడా అంటూ వస్తే అది బడి వల్ల వచ్చినదే అయి ఉండాలి.

నాలుగు సంవత్సరాలు గడిచాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2015లో ప్రకటించిన ఫలితాలు ఇరుపక్షాలవారినీ ఇబ్బంది పెట్టేవే. తెలుగులోనూ, గణితంలోనూ రెండు వర్గాల పిల్లల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. ప్రైవేటు బడి పిల్లలు స్పష్టంగా ముందున్నది హిందీలో మాత్రమే. ఊరి ప్రాథమిక బడిలో ఆ భాష చెప్పనే చెప్పరు. ప్రైవేటు బడికి పంపినంత మాత్రాన పిల్లవాడు లెక్కలలో గొప్పవాడు కాలేదన్నమాట. ఇది విని ప్రభుత్వ బడిని అభిమానించేవారు సంతోషించబోయేంతలో రెండవ సంగతి ఎదురవుతుంది. ఆ ప్రైవేటు బడులు తెలుగుకూ, లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి కూడా అదే ఫలితం సాధించాయి. ఒక్కొక్క పిల్లవాని మీద వారు పెట్టిన ఖర్చు ప్రభుత్వం పెట్టే ఖర్చులో మూడవ వంతు కంటె తక్కువ.

ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూస్తే, ఊరివారి తీర్పు సగం తప్పు, సగం ఒప్పు అనిపిస్తుంది. "అక్కడ చదువు బాగా వస్తుంది" అన్న మాట నిలబడలేదు. "ఇక్కడ పెట్టిన డబ్బుకు తగిన పని జరగడం లేదు" అన్న మాట నిలబడింది.

ఇంగ్లీషు మాట తీయకుండా తల్లిదండ్రుల అభిప్రాయాన్ని గురించి వ్రాయడం సాధ్యం కాదు. ప్రభుత్వ బడులలో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెడుతూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఇచ్చిన ఉత్తరువును 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత ప్రభుత్వం తల్లిదండ్రుల చేతనే పత్రాలు నింపించగా, ఆంగ్ల మాధ్యమం కావాలన్నవారు నూటికి 96 మందికి పైగా తేలారు. తెలంగాణ కూడా 2022–23 నుంచి ఆ దారినే పట్టింది. మాతృభాషలో ప్రాథమిక విద్య వల్ల కలిగే మేలును గురించి పండితులు చెప్పేది అబద్ధం కాదు. కాని, ఆ పండితుల పిల్లలలో ఎందరు తెలుగు బడిలో చదివారన్న ప్రశ్న కూలి చేసుకొనే తండ్రి నోట వస్తే, దానికీ జవాబు కావాలి. ఇంగ్లీషు ఆయనకు ఒక భాష కాదు. తనను ఇన్నాళ్లూ బయట నిలబెట్టిన తలుపుకు తాళంచెవి. అది ఏ తరగతిలో, ఏ విధంగా చేతికి ఇస్తే పిల్లవాడు నిజంగా తలుపు తీయగలడన్నది వేరే ప్రశ్న. దానిని ఆయనతో కూర్చుండి మాట్లాడినవారు తక్కువ.

మిగిలినవారి బడి

తల్లిదండ్రుల అభిప్రాయంలో ఒక ప్రమాదం ఉన్నది. అది బడిని వర్ణించి ఊరుకోదు, బడిని మారుస్తుంది. ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో వ్రాసిన ఒక గ్రంథంలో ఈ సంగతిని బడుల ఉదాహరణతోనే వివరించాడు. నాణ్యత తగ్గినప్పుడు ముందుగా వెళ్లిపోయేవారు, దానిని గురించి గట్టిగా అడగగలిగినవారే. ఊరిలో నాలుగు ఎకరాలు ఉన్న రైతు, కిరాణా దుకాణదారు, పంచాయతీ సభ్యుడు తమ పిల్లలను బస్సు ఎక్కించిన రోజున ప్రభుత్వ బడి కేవలం ముగ్గురు పిల్లలను పోగొట్టుకోలేదు. "పంతులు ఎందుకు రాలేదు?" అని మండల కార్యాలయానికి వెళ్లి అడగగల మూడు గొంతులను పోగొట్టుకొన్నది. మిగిలినవారు కూలికి పోతేగాని పొయ్యి వెలగనివారు. చాలా ఇండ్లలో కొడుకు బస్సు ఎక్కుతాడు, కూతురు ఊరి బడికి నడుస్తుంది. ప్రైవేటు బడులలో మగపిల్లల వాటా ఎక్కువగా ఉండడాన్ని ఏటేటా సర్వేలు నమోదు చేస్తూనే ఉన్నాయి.

అలహాబాదు హైకోర్టు 2015 ఆగస్టు 18న ఇచ్చిన తీర్పులో ఈ రోగానికి ఘాటైన మందే వ్రాసింది. ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వ జీతం తీసుకొనే ఉద్యోగులు, ప్రజాప్రతినిధులు, న్యాయవ్యవస్థలోనివారు తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక బడులలోనే చదివించాలని ఆదేశించింది. అరుగు మీది ఇంటాయన అడిగే ప్రశ్ననే న్యాయమూర్తి కూడా అడిగాడన్నమాట. ఆ మందు మింగినవారు మాత్రం లేరు. ఆదేశం ఆచరణలోకి రాలేదు.

వెళ్లినవారు తిరిగి రావడమూ జరిగింది. గ్రామీణ భారతంలో 6–14 ఏళ్ల పిల్లలలో ప్రభుత్వ బడిలో ఉన్నవారు 2018లో నూటికి 65.6 మంది. కోవిడ్ అనంతరం 2022లో ఆ సంఖ్య 72.9కి పెరిగింది. పాలకులు మురిసిపోయారు. 2024 నాటికి అది మళ్లీ 66.8కి దిగింది. చిన్న ప్రైవేటు బడులు మూతపడి, చేతిలో డబ్బు ఆడని రోజులలో వచ్చినవారు, వీలు చిక్కగానే వెళ్లిపోయారు. మారినది ఇంటి ఆదాయమే తప్ప అభిప్రాయం కాదని అనుకోవలసి వస్తున్నది.

ఇందుకు భిన్నమైన కథ హిమాచల్ ప్రదేశ్‌ది. కొండలలో చెదరిన చిన్న చిన్న ఊళ్లు, మంచు, దూరాలు. బడి నడపడానికి ఇంతకంటె కష్టమైన చోటు ఉండదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి అక్షరాస్యతలో బాగా వెనుకబడిన ఆ ప్రాంతంలో, శతాబ్దం ముగిసేసరికి ఆడపిల్లలతో సహా దాదాపు పిల్లలందరూ బడిలో ఉన్నారు. ప్రోబ్ బృందం అక్కడ గమనించిన కారణాలలో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఊళ్లలో ఎక్కువ తక్కువల తేడా అంతగా లేదు. ఊరివారి పిల్లలంతా ఒకే బడిలో ఉండేవారు. ఇంటి బయట పని చేయడానికి అలవాటు పడిన తల్లులు పంతులుతో మాట్లాడడానికి వెనుకాడలేదు. బడి బాగుండడం వల్ల మంచి అభిప్రాయం వచ్చిందా, అందరూ పట్టించుకోవడం వల్ల బడి బాగుపడిందా అంటే విడదీసి చెప్పడం కష్టం.

అట్లా పట్టించుకొనే అవకాశాన్ని దేశమంతటా చట్టమే కల్పించాలని 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తలపెట్టింది. ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య సంఘం ఉండాలి. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు కావాలి. కాగితం మీద ఇంతకంటె మంచి ఏర్పాటు ఉండబోదు. అయితే ఈ చట్టానికి కొన్నేళ్లు ముందు ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో మొదలైనవారు ఇటువంటి గ్రామ విద్యాసంఘాలనే పరిశీలించారు. నూటికి 92 మంది తల్లిదండ్రులకు ఆ సంఘమొకటి ఉన్నదన్న సంగతే తెలియదు. విచిత్రమేమంటే, సంఘ సభ్యులలోనే సుమారు నాలుగవ వంతు మందికి తాము సభ్యులమని తెలియదు!

పరిశోధకులు ఊరూరా సభలు పెట్టించి హక్కుల గురించి చెప్పించారు. దానివల్ల బడిలో మారినది ఏమీ లేదు. కొన్ని ఊళ్లలో మాత్రం ప్రథమ్ సంస్థవారు ఒక కాగితం వాడారు. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని మాటలు, ఒక చిన్న పేరా, ఒక చిన్న కథ, అంతే. ఎవరి పిల్లలచేత వారే చదివించి చూడడానికి అది సరిపోయింది. పిల్లవాడు తాము అనుకొన్నంత చదవలేడని చాలామంది తల్లిదండ్రులకు అప్పుడే తెలిసింది. వాటిలో మరికొన్ని ఊళ్లలో పిల్లలకు సాయంత్రాలు చదవడం నేర్పే పద్ధతిని ఊరి యువకులకే నేర్పి వదిలారు. ఆ శిబిరాలకు వచ్చిన పిల్లలు కొద్దిమందే. కాని, అక్షరం ముక్క రాకుండా వచ్చి అక్కడ కూర్చున్న పిల్లలు సంవత్సరం తిరిగేసరికి అక్షరాలు గుర్తుపట్టి చదువుతున్నారు.