మతిమరుపు గుట్టు విప్పే జీవసూచికలు

తాతయ్య అడిగిందే మళ్ళీ అడిగితే "వయసు మీద పడింది" అనుకుంటాం. అది అల్జీమర్స్ వ్యాధి కావచ్చు, కాకపోవచ్చు.

1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ ఈ వ్యాధి గురించి చెప్పింది చనిపోయిన రోగి మెదడును పరీక్షించాకే. ఇప్పుడు బతికుండగానే దాని ఆనవాళ్ళు తెలుస్తున్నాయి. వీటినే బయోమార్కర్లు, అంటే జీవసూచికలు అంటారు.

ఈ వ్యాధిలో అమిలాయిడ్ బీటా అనే ప్రోటీన్ మెదడులో పేరుకుపోతుంది. అందువల్ల వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో దాని ఒక రకం తగ్గుతుంది; టౌ అనే మరో ప్రోటీన్ పెరుగుతుంది. పేరుకున్న అమిలాయిడ్ పెట్ స్కాన్‌లో కనిపిస్తుంది. లక్షణాలున్నవారికి రక్తపరీక్ష చేయడానికి 2025లో అమెరికా అనుమతించింది.

బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ సమస్యల వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి మందులున్నాయి. అందుకే తాతయ్యను విసుక్కోవద్దు, డాక్టరుకు చూపిద్దాం.